రెండోసారి వచ్చిన గిరాకీ

ఆఁ ఆఁ, వదినగారూ, గోడ మీద చెయ్యి ఆనించకండి. గుమ్మడి వడియాలు పెట్టాను, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఇలా ఇటు రండి, జామచెట్టు నీడకి. పొయ్యి మీద ఏమీ పెట్టి రాలేదు కదా? మొన్న కూడా ఐదు నిమిషాలే అని వచ్చి నిలబడ్డారు, పాలు మాడిన వాసన మీకంటే నాకే ముందు తగిలింది.

నిన్న రాత్రి పదకొండు దాటినా మీ ముందు గదిలో లైటు ఆరలేదు. నేనేం చెవి ఒగ్గి వినలేదండీ. కిటికీ తీసుంది, గాలి ఇటు కొడుతోంది, అంతే. అబ్బాయి గొంతు వినబడింది, అన్నయ్యగారి గొంతు అంతకంటే బాగా వినబడింది, మీ గొంతు మాత్రం ఒక్కసారీ లేదు. అప్పుడే అనుకున్నాను, ఉద్యోగం మానేస్తానని అననే అన్నాడన్నమాట అని. ఏం, కాదంటారా? మీ మొహమే చెబుతోంది.

మధురవాడలో ఏసీ గదిలో కూర్చుని, ఒకటో తారీకు వచ్చేసరికి టంచనుగా జీతం తెచ్చుకునే పిల్లాడు చోడి బిస్కెట్ల వ్యాపారం పెడతానంటే కన్నవాళ్ళకి గుండె జారదా మరి. జారుతుంది. కానీ పిల్లాడి ఆలోచన తప్పని నేను అనను. చోళ్ళు మన పంటే కదండీ. మా అమ్మమ్మ పొద్దున్నే మట్టి ముంతలో చోడి అంబలి పోసి, పక్కన ఉల్లిపాయ పెట్టి ఇచ్చేది. అదే తిండి బీదవాళ్ళదని చెప్పి నడుమ ఓ ముప్ఫై ఏళ్ళు అందరం మొహం చాటేశాం. ఇప్పుడు దానికే రాగి అని పేరు పెట్టి, నున్నటి పొట్లం కట్టి, పట్నంలో కొంటున్నారు. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం చేసుకుంది. మన పిల్లాడికి ఆ గాలి తగలడంలో వింతేముంది?

నాకు కొంచెం బెంగగా అనిపించింది వేరే సంగతి. పోయిన వారం గేటు దగ్గర కనబడి నా చేతిలో ఒక కార్డు పెట్టాడు. నున్నటి కార్డు, బంగారు రంగు అక్షరాలు, పేరు కింద చిన్నగా మేనేజింగ్ డైరెక్టర్ అని. కళ్ళు చెమర్చాయి నాకు, మన చేతుల్లో పెరిగినవాడు కదా. తెచ్చి దేవుడి గూట్లో పెట్టాను. "బిస్కెట్ ఏది నాయనా, ఒకటి పెట్టు" అన్నాను. "ఇంకా మిషను రాలేదు అత్తయ్యగారూ, ఎనిమిది లక్షలు అవుతుంది, అప్పు చూస్తున్నాం" అన్నాడు.

ఎనిమిది లక్షలు! అప్పటికి ఒక్క బిస్కెట్ కూడా ఎవరి నోట్లోనూ పడలేదు.

మీకు నా ఆవకాయ సంగతి పూర్తిగా చెప్పలేదు కదూ? చెప్పానా? అయినా సగమే చెప్పుంటాను. ఆరేళ్ళ కిందటి మాట. ఎవరింటికి వెళ్ళినా "మీ చేతి ఆవకాయ అమ్మితే ఎగబడి కొంటారమ్మా" అనేవారు. విని విని నాకూ నమ్మకం కుదిరింది. రెండు గాజులు కుదువపెట్టి, కాయలు, నూనె, గాజు సీసాలు, అన్నీ ఒక్క వేసవిలో తెచ్చేశాను. అరవై సీసాలు పట్టాను. ముందుగా మెచ్చుకున్నవాళ్ళ పేర్లు కాగితం మీద రాసుకుంటే ముప్ఫై రెండు వచ్చాయి. డబ్బిచ్చి కొన్నవాళ్ళు ఎంతమంది అనుకుంటున్నారు? ఏడుగురు. మిగతావాళ్ళంతా మంచివాళ్ళే, నన్ను మోసం చెయ్యలేదు. రుచి చూసి బాగుందన్నారు, బాగుండబట్టే అన్నారు. కానీ వాళ్ళిళ్ళల్లోనూ ఆవకాయ ఉంది కదా! ఆ మాట నేను అడగలేదు. కొన్ని సీసాలు మనలో మనకేమిటని చుట్టాలకే వెళ్ళిపోయాయి. వానలు పడేసరికి పదకొండు సీసాల్లో బూజు. ఆ సీసాలు పెరట్లో గొయ్యి తీసి పారబోసిన రాత్రి నాకు నిద్ర లేదు. అన్నిట్లోకీ కష్టమనిపించింది డబ్బు పోవడం కాదండీ, మా వారు ఒక్క మాట కూడా అనకపోవడం.

తరవాత దసరా ముందు ఒక రోజు రెడ్డిపల్లి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఆ ఏడుగురిలో ఆవిడ ఒకరు. సంచిలోంచి ఖాళీ సీసా తీసింది, శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి మరీ తెచ్చింది. "ఇందులోనే పొయ్యండమ్మా, మా అత్తగారు వేరేది ముట్టడం లేదు" అంది. నేను ఆ సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముప్ఫై రెండుమంది పొగడ్తల్లో దొరకని సమాధానం ఆ ఒక్క సీసాలో దొరికింది. అప్పట్నుంచి ఐదు కిలోలకి మించి ఒక్కసారి పట్టను. సీసా వెనక్కి వచ్చిన ఇల్లే నా గిరాకీ అనుకుంటాను. గాజులు విడిపించుకున్నది కూడా ఆ సీసాలతోనే.

మీ అబ్బాయికి నేను చెప్పాలనుకునేది ఇదొక్కటే. మొదటిసారి కొనేవాడు మన మొహం చూసి కొంటాడు, జాలిపడి కొంటాడు, కొత్త కదా అని కొంటాడు. వాడు రెండోసారి వస్తాడా లేదా, అది తెలిసేదాకా మిషను మాట ఎత్తొద్దు.

ఇదిగో, ఇది చూడండి, నా కొంగు ముడిలో ఎప్పుడూ ఉంటుంది, అమృతాంజనం. ఈ పసుప్పచ్చ మందు పెట్టినాయన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారని మీకు తెలుసు కదా. కృష్ణా జిల్లా ఎలకుర్రు ఆయనది, 1867లో పుట్టారు. చదువుకుని కలకత్తా వెళ్ళి ఒక మందుల వ్యాపారి దగ్గర చేరి, మందు తయారీ కిటుకులు నేర్చుకున్నారు. బొంబాయిలో మళ్ళీ ఒక కంపెనీలో ఉద్యోగం. 1893లో అక్కడే ఈ అమృతాంజనం మొదలుపెట్టారు. అంటే చూడండి, ఒకరి దగ్గర పని చేస్తూ వాళ్ళ ఖర్చుతో నేర్చుకోవడం ముందు జరిగింది, సొంతం తరవాత. ఆ రోజుల్లో ఈ మందు పేరెవరికి తెలుసు? అందుకని సంగీత కచేరీలకి పట్టుకెళ్ళి ఊరికే పంచేవారట. మొదట ఇది విన్నప్పుడు నేను దానగుణం అనుకున్నాను. తరవాత తీరిగ్గా ఆలోచిస్తే బోధపడింది. ఆ గుంపులో, ఆ ఉక్కలో గంటల తరబడి కూర్చుంటే తల నొప్పెట్టకుండా ఉంటుందా? తలనొప్పి ఎక్కడుందో మందు అక్కడికే తీసుకెళ్ళారు ఆయన! నుదుటికి రాసుకున్నవాడికి ఆ చల్లదనం అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఇంటికెళ్ళాక మళ్ళీ తల నొప్పెడుతుంది. అప్పుడు వెతుక్కుంటూ వస్తాడు, ఈసారి డబ్బు పట్టుకుని.

ఆ డబ్బుతో ఆయన ఏం చేశారో కూడా అబ్బాయికి చెప్పండి. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా పెట్టారు, 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు. ఎన్ని పుస్తకాలు అచ్చేశారు, ఎన్ని గ్రంథాలయాలకి సాయం చేశారు! తలనొప్పి మందు అమ్మిన చేతులే అవన్నీ చేశాయి. వ్యాపారం అంటే ఏదో మోసం, మాయ అని అన్నయ్యగారు నిన్న రాత్రి అంటున్నారే... సరే, విన్నాను, ఆ ఒక్క మాట మాత్రం విన్నాను. ఆయనకి పంతులుగారి సంగతి గుర్తు చెయ్యండి.

అరే, ఈ కాకి చూడండి, సరిగ్గా వడియాల మీదకే వస్తోంది. హుష్! మీ చేతిలో ఆ కర్ర ఇలా ఇవ్వండి.

ఏటి చెబుతున్నాను? ఆఁ, వెతుక్కుంటూ వచ్చే గిరాకీ సంగతి. మా మేనకోడలు మొన్న అత్తవారింటి నుంచి వస్తూ మాడుగుల హల్వా తెచ్చింది, మీకూ ఒక ముక్క పంపాను. అది ఎలా చేస్తారో తెలుసా? గోధుమలు మూడు రోజులు నానబెడతారు. అప్పుడు రుబ్బి పాలు పిండుతారు. ఆ పాలని పులియనిస్తారు. ఆ తరవాత కట్టెల పొయ్యి మీద పంచదార, నెయ్యి వేసి, చెయ్యి ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. దంగేటి వారి ఇంట్లో మొదలైంది ఇది, నూరేళ్ళు ఎప్పుడో దాటేసింది. ఇప్పుడు ఆ ఊళ్ళో ఎన్నో కుటుంబాలు ఆ హల్వా మీద బతుకుతున్నాయి. నాకు వింతగా ఉండేదేమిటంటే, అదేమీ పెద్ద పట్నం కాదు, అనకాపల్లి జిల్లాలో కొండల పక్కన ఒక ఊరు. అలాంటి చోటికి జనం వెతుక్కుంటూ వెళ్ళి కొంటున్నారు. తాతగారు కొన్న హల్వానే మనవడూ కొంటున్నాడు. ఆ మూడు రోజుల నానబెట్టడంలో ఒక రోజు తగ్గించేస్తే ఎవరు చూడొచ్చారు? కానీ నాలిక పట్టేస్తుంది కదండీ. మీ అబ్బాయి నాతో అన్నాడు, మైదా కొంచెం కలిపితే బిస్కెట్ విరగకుండా, ఖర్చు తక్కువలో వస్తుందని. కలుపుకోమనండి, తప్పు లేదు. కానీ పొట్లం మీద ఎంత కలిపాడో అంత రాయమనండి. చోడి బిస్కెట్ అని పెద్దక్షరాలేసి లోపల సగం మైదా పెడితే, కొన్నావిడ మొదటిసారే పసిగడుతుంది. మళ్ళీ రాదు, ఎందుకు రాలేదో చెప్పదు కూడా.

ఇంకో మనిషి గురించి చెప్పాలి మీకు. మన పద్మనాభం కొండ కింద, కుంతీమాధవస్వామి గుడి దారిలో కూర్చుంటుంది చూడండి, ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఆవిడ. మామూలు రోజుల్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, కార్తీకం వచ్చేసరికి ప్రమిదలు, వత్తులు. అనంతపద్మనాభస్వామి మెట్లు పన్నెండు వందల పైచిలుకు కదా, కార్తీకం ఆఖరి అమావాస్యకి ఆ మెట్లన్నిటి మీదా దీపాలు పెడతారు. ఆ ఒక్క రాత్రి కోసం ఊరూరి నుంచీ జనం వస్తారు. తెల్లారితే ప్రమిద అడిగే నాథుడుండడు. కాబట్టి ఆవిడ వ్యాపారం కత్తి మీద సాము. ఎక్కువ తెస్తే మిగిలిపోతాయి, తక్కువ తెస్తే పక్కవాళ్ళ దగ్గరికి పోతారు.

నేను కిందటేడు మెట్లెక్కలేక ఆవిడ పక్కనే కూలబడ్డాను, మోకాళ్ళ సంగతి మీకు తెలిసిందే. గంటన్నర కూర్చున్నాను. ఆవిడ ముందు రెండు రేకు డబ్బాలు. ఒకటి మూత ఉన్నది, ఒకటి లేనిది. ఎవరైనా డబ్బివ్వగానే లెక్క చూసుకుని, ఎక్కువ భాగం మూత డబ్బాలో వేస్తోంది, చిల్లర నాణేలు మూత లేని దాంట్లో వేస్తోంది. మనవడు వచ్చి పీచుమిఠాయికి పది రూపాయలు అడిగాడు. మూత లేని దాంట్లో చూసింది, ఐదే ఉంది, ఐదే ఇచ్చింది. వాడు మూత డబ్బా వైపు చూపించి ఏడుపు లంకించుకున్నాడు. "అది మనది కాదురా, కుమ్మరోడిది" అంది. అప్పటికి ఆ డబ్బాలో వందల రూపాయలుండాలి. నాకు మనసు ఊరుకోక, పది నేనిస్తానన్నాను. "వద్దమ్మా, ఆడు కూడా నేర్సుకోవాల" అంది.

చదువుకున్న మనం ఎంతమందిమి ఆ పని చేస్తున్నాం చెప్పండి? గల్లాపెట్టెలో చెయ్యి పెట్టి కూరగాయలు తెప్పిస్తాం, గ్యాసు బండ తెప్పిస్తాం, పెళ్ళికి చదివింపులు ఇస్తాం. ఏడాది తిరిగేసరికి కొట్టు బాగా నడిచినట్టే ఉంటుంది, డబ్బు మాత్రం కనబడదు. మీ అబ్బాయికి మిషను కంటే ముందు బ్యాంకులో రెండో ఖాతా తెరిపించండి. బిస్కెట్ డబ్బు అందులోకే వెళ్ళాలి, ఇంటి ఖర్చు అందులోంచి రాకూడదు. పిండి, బెల్లం, నెయ్యి, గ్యాసు, కవర్లు, బస్సు ఛార్జీ రాసి, వాడి కూలి కూడా రాయమనండి. ఇంట్లోవాళ్ళం చేస్తే కూలి రాయనక్కర్లేదనుకుంటాం, అక్కడే ధర తప్పిపోతుంది.

అప్పు మాట. మన పద్మనాభంలో అప్పు మాటెత్తితే నాకు విజయరామరాజుగారే గుర్తొస్తారు. పేష్కషు, అంటే కప్పం, బకాయిలు కట్టలేదనే కదా ఈస్టిండియా కంపెనీ వాళ్ళు విజయనగరం సంస్థానం మీద పడింది. 1794 జులై 10న ఈ కొండ నీడనే ఆ రాజుగారు ప్రాణం వదిలారు. రాజు కథ వేరు, మన కథ వేరు, ఆయన పరువు కోసం నిలబడి పోరాడారు. కానీ ఒకడి దగ్గర బాకీపడ్డాక వాడు పెట్టే షరతులు మన ఇంటి గడప దాకా ఎలా వస్తాయో ఈ నేలకి బాగా తెలుసు.

అలాగని అసలు అప్పే వద్దనను. నేనూ డ్వాక్రా సంఘంలో ఉన్నదాన్నే, సంఘం అప్పుతోనే మా గేదె వచ్చింది. దేనికి, ఎక్కడ, ఎంత, అది చూసుకోవాలి. 2015లో వచ్చిన ముద్ర రుణాలున్నాయి. శిశు అని 50 వేల దాకా ఇస్తారు, పూచీకత్తు అక్కర్లేదు. ముందు అది చాలదా వీడికి? పేరులోనే శిశువుంది, పాకడం దానితోనే మొదలుపెట్టమనండి. నిలదొక్కుకున్నాక కిశోర్ 5 లక్షల దాకా, ఆపైన తరుణ్ ఉంది. తిండి వస్తువుల చిన్న పరిశ్రమలకి 2020లో పీఎంఎఫ్ఎంఈ అని ఇంకోటి పెట్టారు, ఖర్చులో 35 శాతం, 10 లక్షలకి మించకుండా రాయితీ. అయితే ఆ రాయితీ మన చేతికి నోట్ల కట్టలా రాదండీ, బ్యాంకు దగ్గరే ఉండి, వాయిదాలు సరిగ్గా కడితే మూడేళ్ళ తరవాత అప్పులో సర్దుతారు. రాయితీ వస్తుంది కదా అని మిషను బేరమాడినవాళ్ళు ఈ ముక్క వినరు. ఇప్పుడు ఏ పథకం నడుస్తోందో, ఎవరికి ఎంతో, జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళి అడగమనండి. ఫోన్లో ఐదు నిమిషాల్లో అప్పిస్తామనే యాప్‌ల జోలికి మాత్రం వద్దు, మీ మీద ఒట్టు.

ఇంకా రెండు కాగితాలు. తిండి అమ్మేవాడికి ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు ఉండాలి, పద్నాలుగు అంకెల నంబరు, పొట్లం మీద వెయ్యాలి. ఉద్యం నమోదు ప్రభుత్వ వెబ్‌సైట్లో పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. దానికి ఎవరో రెండు వేలు అడిగారని అన్నాడు మీవాడు. ఇవ్వొద్దనండి.

చిప్పాడ వైపు ఎప్పుడైనా వెళ్ళారా, భీమిలి దాటి? అక్కడి దివీస్ మందుల కంపెనీ వైపు చూసి మన పిల్లలు ఎంత పెద్దదో అని నోళ్ళు తెరుస్తారు. అది 1990లో మొదలైనప్పుడు ఇలాంటి ఫ్యాక్టరీ ఏదీ లేదు. మురళి దివిగారు అమెరికాలో పనిచేసి, 1984లో తిరిగొచ్చి, మందుల కంపెనీ నడిపే అంజిరెడ్డిగారితో కలిసి కొన్నేళ్ళు పనిచేసి, అప్పుడు సొంతంగా పెట్టింది ఒక పరిశోధన కేంద్రం. మందులు ఎలా తయారుచెయ్యాలో పద్ధతులు కనిపెట్టి వేరే కంపెనీలకి ఇచ్చేవారు. తనకి వచ్చిన విద్యకి గిరాకీ ఉందని తేలాక, ఐదేళ్ళకి, 1995లో చౌటుప్పల్ దగ్గర మొదటి ఫ్యాక్టరీ. మన చిప్పాడది ఇంకో ఏడేళ్ళకి, 2002లో. అంత చదువు, అంత అనుభవం ఉన్నాయన గోడలు కట్టడానికి ఐదేళ్ళు ఆగితే, మనవాడు ఆరు నెలలు ఆగలేడా?

ఆరు నెలలంటే ఊరికే కూర్చోమని కాదు. ఉద్యోగం చేస్తూనే శని, ఆదివారాలు చెయ్యమనండి. తగరపువలసలో బేకరీలున్నాయి, మధ్యాహ్నం పూట ఏదో ఒకదాంట్లో ఓవెన్ ఖాళీగా ఉండకపోదు, గంటకింతని అద్దెకి అడగమనండి. పని తెలిసినవాడి పక్కన నిలబడితే పిండి ఎంత తడి ఉండాలో కూడా తెలుస్తుంది. యాభై పొట్లాలు చేసి, ఎవరు కొన్నారో పేరు రాసుకుని, రెండు వారాల తరవాత ఆ పేర్లలో ఎన్ని మళ్ళీ వచ్చాయో చూడమనండి. చుట్టాలకి అరువు పెట్టొద్దు. కొట్లలో నేడు నగదు, రేపు అరువు అని బోర్డు ఎందుకు పెడతారు మరి? ఎదురుగా వద్దని చెప్పలేక. వీడికీ నోరు పెగలదు, మెత్తటివాడు, మీ పోలికే.

అన్నయ్యగారితో మీరు ఒక మాట అనండి. నిన్న రాత్రి మీరు ఊరుకున్నారు, ఎటు మాట్లాడినా ఒకరికి నొప్పని ఊరుకున్నారు, నాకు తెలుసు. ఇవాళ భోజనాలయ్యాక నెమ్మదిగా చెప్పండి. ఎంత పోయినా మనకి నిద్ర పడుతుందో ఆ అంకె తండ్రీకొడుకులు కలిసి ఒక కాగితం మీద రాసుకోమనండి. యాభై వేలో, లక్షో. ఆ అంకె దాటకూడదు, ఆ లోపల వాణ్ణి ఒక్క మాట అనకూడదు. నా పదకొండు సీసాలు పారబోసిన రాత్రి మా వారు చేసింది అదే, అప్పుడు నాకు కష్టమనిపించినా.

వెళ్ళొస్తారా? ఉండండి, మీ డబ్బా ఇస్తాను. మొన్న ఆదివారం వాడు కుక్కర్లో ఇసక పోసి కాల్చిన బిస్కెట్లు ఆరు పంపారు కదా. అడుగు కొంచెం మాడింది, అయినా బాగున్నాయి. అయితే నా మాట లెక్కలోకి తీసుకోకండి, నేను వాడేం పెట్టినా బాగుందనే అంటాను. మా మనవరాలు మాత్రం ఇవాళ పొద్దున బడికెళుతూ డబ్బా మూత తీసి చూసుకుంది. ఖాళీగా ఉంటే, "నానమ్మా, నల్ల బిస్కెట్లు ఇంకా లేవా?" అని అడిగింది.

ఇదిగో యాభై రూపాయలు, పట్టుకోండి. ఎన్ని వస్తే అన్ని పంపమనండి. అబ్బే, చెయ్యి వెనక్కి తీసుకోకండి వదినగారూ, ఊరికే తినడం మొన్న ఆదివారంతో అయిపోయింది. అయ్యో, వడియం, వడియం! మోచేతికి అంటుకుంది చూడండి.